ఆఫీసులో ఆయుధపూజ, అద్దె ఇంట్లో పూజగది: విగ్రహారాధన ఎక్కడ మొదలవుతుంది?

విభాగం: వాక్య చర్చ, బెంగళూరు తెలుగు విశ్వాసులు

సుహాసిని (మారతహళ్లి)

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, ఇద్దరమూ సాఫ్ట్‌వేర్‌లోనే. వచ్చే వారం మా ఆఫీసులో ఆయుధపూజ. ఇక్కడ ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు, మానిటర్ మీద చామంతులు, ప్రింటర్‌కి పసుపు, గేటు దగ్గర బూడిదగుమ్మడికాయ కొట్టడం, ఆఖర్న తలా ఒక కడ్లేపురి (మరమరాలు) పొట్లం, ఒక స్వీటు. ఈసారి హారతి పళ్లెం నన్ను పట్టుకోమన్నారు. ఇరికించాలని కాదు, కొత్తగా చేరిన అమ్మాయిని కలుపుకోవాలని ప్రేమగానే అడిగారు. అందుకే మరీ ఇబ్బందిగా ఉంది.

మా అయ్యగారు (పాస్టరుగారు) ఆ రోజు సెలవు పెట్టమన్నారు. అమ్మ ఫోన్లో "పొట్లం ఇస్తే ముట్టుకోకు తల్లీ" అంది. మా ఆయనేమో "పళ్లెం పట్టుకుంటే ఏమైపోతుంది, నీ మనసు దేవుడికి తెలీదా" అంటారు.

రెండో సంగతి ఇల్లు. మాది అద్దె ఇల్లు. గుమ్మం పైన చెక్కలో చెక్కిన వినాయకుడు ఉన్నాడు, వంటగది పక్కన టైల్స్ వేసిన పూజగది ఉంది. రెండూ ఓనర్ కట్టించుకున్నవి. ఈమధ్య మా ఇంట్లో ప్రార్థన కూడిక పెడితే ఒక సిస్టర్ "ఈ బొమ్మ కింద నుంచి వస్తూ పోతూ ఉంటే మీ ప్రార్థనలు పైకెలా వెళ్తాయి? మీకున్న ఆటంకం ఇదే" అన్నారు. పాప ఆడుకునే చన్నపట్న కొయ్యబొమ్మలు కూడా బయట పడేయమన్నారు. ఇంతకుముందు గుమ్మం పైన బొమ్మ ఉందన్న ధ్యాసే ఉండేది కాదు. ఇప్పుడు పాపని ఎత్తుకుని లోపలికి వచ్చేటప్పుడల్లా తల ఎత్తి చూస్తున్నాను. పాపకి జ్వరం వస్తే మొదట అదే గుర్తొచ్చింది.

నిజంగా వాక్యం ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. నన్ను ఊరడించడానికి ఏదో ఒకటి చెప్పొద్దు.

సీయోను సైనికుడు

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ఇందులో చర్చించడానికేముంది? "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్నది పది ఆజ్ఞల్లో మొదటిది. "కాబట్టి నా ప్రియులారా, విగ్రహారాధనకు దూరముగా పారిపోవుడి" అని పౌలు రాశాడు. పారిపొమ్మన్నాడు, పళ్లెం పట్టుకుని పక్కన నిలబడమనలేదు. దానియేలు 3 చదవండి. దూరా మైదానంలో బబులోను రాజు నిలబెట్టి అందరినీ మొక్కమన్న 60 మూరల ప్రతిమ. షద్రకు, మేషాకు, అబేద్నెగో ముగ్గురూ ప్రభుత్వ ఉద్యోగులే. "మా మనసు దేవుడికి తెలుసులే" అని వంగి ఉంటే అగ్నిగుండమే ఉండేది కాదు. మీ ఆయన మాట తప్పు. మీ అయ్యగారు చెప్పిందే చేయండి.

ఎలీషా (ఎలక్ట్రానిక్ సిటీ)

బ్రదర్, దానియేలు 3 తోపాటు 2 రాజులు 5 కూడా బైబిల్లోనే ఉంది. సిరియా సేనాపతి నయమాను కుష్ఠు నయమయ్యాక ఇక యెహోవాకు తప్ప ఇంకెవరికీ బలి అర్పించనన్నాడు. వెంటనే ఒక మనవి చేసుకున్నాడు. మా రాజు నా చేయి ఆనుకుని రిమ్మోను గుడిలోకి వెళ్తాడు, అప్పుడు నేను వంగాల్సి వస్తుంది, దాన్ని యెహోవా క్షమించాలి అన్నాడు. ప్రవక్త ఎలీషా (నా పేరే) ఏమన్నాడు? ఉద్యోగం మానేయమనలేదు. సమాధానంగా వెళ్లమన్నాడు. మనలో చాలామంది ఆఫీసుల్లో నయమానులమే.

సీయోను సైనికుడు

నయమాను ఆ రోజే నమ్మినవాడు. సుహాసిని సిస్టర్ పుట్టుకతో విశ్వాసి. పైగా ఎలీషా ప్రవక్త "అలాగే చెయ్యి" అని అనుమతి ఇచ్చినట్టు ఎక్కడా లేదు, వెళ్లిరమ్మన్నాడు అంతే. ప్రకటన గ్రంథం 2 లో పెర్గము సంఘాన్నీ తుయతైర సంఘాన్నీ ప్రభువు గద్దించింది దేనికి? విగ్రహాలకు అర్పించినవి తిన్నందుకు, తినేలా నేర్పినందుకు.

గుంటూరు లూథరన్

సుహాసినమ్మా, సైనికుడు గారు తుయతైర మాట ఎత్తారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. నీ ఆఫీసు సమస్యకు అంతకంటే దగ్గరైన ఊరు బైబిల్లో లేదు.

తుయతైర చేతిపనుల ఊరు. అద్దకంవాళ్లు, తోలుపనివాళ్లు, కంచరివాళ్లు, ఒక్కో వృత్తికి ఒక్కో సంఘం ఉండేదని అక్కడ దొరికిన శాసనాలే చెబుతున్నాయి. అపొస్తలుల కార్యాలు 16లో కనిపించే లూదియ, ఊదారంగు బట్టల వ్యాపారం చేసిన ఆమె, ఆ ఊరిదే. ఆ రోజుల్లో ఇలాంటి వృత్తి సంఘం విందు చేసుకుందంటే ఏదో ఒక దేవత పేరు ఎత్తకుండా జరిగేది కాదు. విందుకు రానంటే పని దొరకదు. కాబట్టి నీ ప్రశ్న కొత్తది కాదమ్మా, మొదటి శతాబ్దపు ప్రశ్న. తెర్తుల్లియను అనే ఆఫ్రికా బోధకుడు క్రీ.శ. 200 ప్రాంతంలో విశ్వాసి ఏ పనులు చేయొచ్చు, ఏవి చేయకూడదు అని వరసగా రాశాడు. విగ్రహాలు చెక్కే పని కూడదన్నాడు, సాంబ్రాణి అమ్మడం మీదా అభ్యంతరం చెప్పాడు. అంతకు ముందు 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా గవర్నరు చక్రవర్తి త్రాజానుకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. క్రైస్తవులని పట్టుకొచ్చినవాళ్ల ముందు చక్రవర్తి ప్రతిమ పెట్టి, దానికి సాంబ్రాణి, ద్రాక్షారసం అర్పించమనేవాడట. నిజమైన క్రైస్తవులతో మాత్రం అది చేయించలేరని ఆయనే రాసుకున్నాడు. చిటికెడు సాంబ్రాణి దగ్గర ప్రాణాలు ఇచ్చినవాళ్ల వారసులం మనం. కాబట్టి మీ ఆయన చెప్పే "మనసులో ఏముందో దేవునికి తెలుసు" అన్నదాన్ని నేనూ ఒప్పుకోను. హారతి పళ్లెం పట్టుకోవడం పూజలో ఒక పాత్ర. వాళ్లకు అది భక్తి. నువ్వు నమ్మకుండా పట్టుకుంటే నీ దేవుడికీ న్యాయం కాదు, వాళ్ల భక్తికీ న్యాయం కాదు. సున్నితంగా వద్దని చెప్పు.

పొట్లం సంగతి వేరు. 1 కొరింథీయులు 8 నుంచి 10 వరకు ఒకే వాదన, ముక్కలు చేసి చదవకూడదు. గుడి భోజనశాలలో కూర్చుని తినడం వద్దన్నాడు పౌలు. కటికవాని అంగడిలో అమ్మేదాన్ని అడగకుండా తినమన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. కానీ పక్కనున్నవాడు "ఇది అర్పించింది" అని చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయమన్నాడు. ఆ ఆహారంలో ఏదో విషం చేరిందని కాదు. యెరూషలేము సభ కూడా అర్పించినవాటిని విసర్జించమంది కదా, అపొ. కా. 15:29, దాన్ని తీసిపారేయలేం. నా మట్టుకు నేను "మీకు పండుగ శుభాకాంక్షలు, ప్రసాదం మాత్రం తీసుకోను, ఏమనుకోకండి" అని చేతులు జోడిస్తాను. బెంగళూరులో నా ఉద్యోగమంతా అలాగే గడిచింది. ఎవరూ ముఖం మాడ్చుకోలేదు. మరునాడు స్వీట్ షాపు నుంచి తెచ్చిన మైసూర్‌పాక్ నా బల్ల మీద పెట్టిన కన్నడ మిత్రుడు ఒకాయన ఉండేవాడు.

ఇక నీ గుమ్మం. ఆ సిస్టర్ "ఆటంకం" అన్నారు. బైబిల్లో విగ్రహం ప్రార్థనకు అడ్డు వచ్చిన సంగతి సూటిగా చెప్పే అధ్యాయం యెహెజ్కేలు 14. చెరలోకి వచ్చిన ఇశ్రాయేలు పెద్దలు ప్రవక్త ముందు కూర్చున్నారు, దేవుని మాట వినడానికే వచ్చారు. దేవుడు యెహెజ్కేలుతో ఏమన్నాడు? వీళ్లు తమ హృదయాల్లో విగ్రహాలు నిలుపుకున్నారు, వీళ్లకు నేను జవాబివ్వాలా అన్నాడు. వాళ్లు ఉన్నదే బబులోను దేశంలో. వీధివీధికీ గుడి ఉన్న దేశం. ఇంకొకరు కట్టిన ఆ గుళ్లు అడ్డం వచ్చాయని ఒక్క మాట లేదు. అడ్డం వచ్చింది వాళ్ల లోపలున్నది.

మీ ఓనర్ గుమ్మం మీద ఉన్నది మీ ఓనర్ భక్తి. నువ్వు దానికి మొక్కలేదు. అది నీకూ దేవునికీ మధ్య నిలబడదు. నిజానికి దాన్ని చూసి నువ్వు భయపడటం మొదలుపెట్టిన రోజే దానికి లేని శక్తిని దానికి ఇచ్చినట్టయింది. పాప జ్వరానికి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు, ప్రార్థన చెయ్యి. చన్నపట్న బొమ్మలు పాపకే ఉంచు. అవి ఆటబొమ్మలు, వాటికి ఎవరూ పూజ చేయరు.

ప్రియ (కె.ఆర్.పురం)

లూథరన్ అంకుల్ చెప్పింది చదివాక కొంచెం ఊపిరాడింది. ఇల్లు మారినప్పుడల్లా మాకూ ఇదే గొడవ. ఈ ఊళ్లో పూజగది లేని అద్దె ఇల్లు దొరకడమే కష్టం. మా ఓనరమ్మ "మీరు పూజ చేయకపోయినా సరే, అక్కడ చెప్పులు మాత్రం పెట్టొద్దమ్మా" అంది. మాట ఇచ్చాం. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు పెట్టుకున్నాం. మా చిన్నోడు ఆ గదిలోనే కూర్చుని కంఠత వాక్యాలు నేర్చుకుంటాడు.

ఫిలోమిన (శివాజీనగర్)

నేను కతోలిక విశ్వాసిని, మా అమ్మమ్మ వాళ్లు గుణదల దగ్గరవాళ్లు. ఇలాంటి చర్చలు ఎప్పుడూ చివరికి మా మీదికే వస్తాయి కాబట్టి ముందే చెప్పేస్తాను. మీరు రెండో ఆజ్ఞను తీసేశారని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. తీసేయలేదు. ప్రతిమలు చేసుకోకూడదన్న మాటను మా లెక్కలో మొదటి ఆజ్ఞలోనే కలిపి చదువుతాం. చివర ఆశించకూడదన్నదాన్ని రెండుగా లెక్కపెడతాం. మొత్తం పదే. లూథరన్ల లెక్క కూడా ఇలాంటిదే, అంకుల్‌నే అడగండి.

సెప్టెంబరు 8న శివాజీనగర్ బసిలికాకి రండి. మరియమాత స్వరూపానికి చీర కట్టి ఊరేగిస్తారు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆరాధన దేవునికి మాత్రమే, మాతకు గౌరవం, ఆమె ప్రార్థన సహాయం అడుగుతాం, అంతే. ప్రతిమల గొడవ మీద 787లో రెండో నైసియా సభ (బిషప్పుల మహాసభ) తేల్చింది ఇదే. దేవుని కుమారుడు శరీరధారి అయ్యాడు, కంటికి కనిపించాడు, చేతికి తగిలాడు, కాబట్టి ఆయన రూపం గీయొచ్చు అని దమస్కు యోహాను వాదించాడు. ఆ గొడవ బైజాంటియంలో వందేళ్లకు పైగా నడిచి 843లో గానీ ముగియలేదు. తేలిగ్గా తేలిన సంగతి కాదది.

అయితే ఒకటి నిజం. స్వరూపాన్ని తాకితే చాలు పని అయిపోతుందని, నవదిన ప్రార్థనలు లెక్క ప్రకారం ముగిస్తే దేవుడు ఇచ్చి తీరాలని అనుకునేవాళ్లు మాలో ఉన్నారు. మా ఫాదర్ దాన్ని ప్రతి నవదినానికీ ముందు హెచ్చరిస్తారు. మా సత్యోపదేశ గ్రంథం 2113వ పేరాలో విగ్రహారాధన అంటే అన్యమతాల పూజలు మాత్రమే కాదని, అధికారం, సుఖం, జాతి, పూర్వీకులు, రాజ్యం, డబ్బు, వీటిని దేవుని స్థానంలో పెట్టడం కూడా అదేనని ఉంది.

సీయోను సైనికుడు

సిస్టర్, గౌరవంతోనే చెబుతున్నాను, మోకాళ్లూని దండ వేసి దీపం వెలిగించి "ఇది గౌరవమే" అంటే చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? యూదా రాజు హిజ్కియా ఇత్తడి సర్పాన్ని పగలగొట్టాడు. దాన్ని చేయించింది సాక్షాత్తు మోషే, చేయమన్నది దేవుడు. అయినా జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టాక ఉంచలేదు.

అనంత్ (బీటీఎం)

సైనికుడన్నా, ఇత్తడి సర్పం మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మన తెలుగు సంఘాల్లో అభిషేక తైలం సీసాలు ఏమిటి? వ్యాధిగ్రస్తులకు నూనె రాసి ప్రార్థించమని యాకోబు 5:14లో ఉంది, కాదనను. కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం కొత్త కారు కొంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం విగ్రహారాధన అని పక్క ఫ్లాట్ వాళ్లకు చెప్పారు. ఆ సాయంత్రమే అయ్యగారు వచ్చి నాలుగు టైర్లకూ బొటనవేలితో నూనె రాశారు, స్టీరింగ్‌కి రాశారు, మిగిలిన సీసా అద్దానికి వేలాడదీశారు. ఆ సీసా లేకుండా ఆ అన్న ఇప్పుడు హోసూరు రోడ్డు ఎక్కడు. ప్రార్థన రుమాళ్లు, యొర్దాను నీళ్లు, ఇంటి నాలుగు మూలల్లో ఉప్పు... దేవుడిచ్చిన గుర్తును పట్టుకుని దేవుణ్ణి వదిలేయడం, హిజ్కియా పగలగొట్టింది దాన్నే కదా?

ఫ్లెక్సీల సంగతి కూడా. కూడిక ఫ్లెక్సీలో దైవజనుడి ముఖం నిలువెత్తు, యేసు పేరు కింద ఎక్కడో. ఆయన ఫొటో పర్సులో పెట్టుకుని ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు నాకు తెలుసు. లుస్త్రలో జనం ఎడ్లను, పూలదండలను తెచ్చి పౌలుకూ బర్నబాకూ బలి అర్పించబోతే వాళ్లు బట్టలు చింపుకుని గుంపులోకి దూకారు. మనవాళ్లకు దండలు వేస్తుంటే ఎంతమంది వద్దంటున్నారు?

సీయోను సైనికుడు

దీనికి అడ్డు చెప్పను. ఫ్లెక్సీల మీద నేను మా సంఘంలోనే గట్టిగా మాట్లాడాను.

కిరణ్ (అతిథి)

నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాదు, నా భార్య విశ్వాసి. ఈ చర్చ ఆమె చూపించింది. ఒక్క మాట చెప్పి వెళ్తాను. చవితికి మేము మట్టి వినాయకుణ్ణి తెస్తాం. ఆవాహన చేసి, ప్రాణప్రతిష్ఠ చేసి పూజిస్తాం, ఉద్వాసన చెప్పి నీళ్లలో కలుపుతాం. మట్టే దేవుడనుకుంటే కలపగలమా? ఆ రూపంలోకి వచ్చి మా పూజ అందుకోమని పిలుస్తాం, అంతే. "నోరుండియు పలుకవు" అని కీర్తన చదివి నవ్వుతారు కొందరు. మా అమ్మ ముందు అలా ఒకసారి చదివారు. ఆమె ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత నా భార్య వాళ్ల కూడికకి రావడం మానేసింది.

మీరు మా పూజలో పాలుపంచుకోకపోతే నాకు అభ్యంతరం లేదు. నా భార్య పాలుపంచుకోదు, అయినా పండుగ రోజు వంట అంతా ఆమే చేస్తుంది. ఎగతాళి వద్దని మాత్రమే అడుగుతున్నాను.

గుంటూరు లూథరన్

కిరణ్ గారూ, వచ్చి రాసినందుకు ధన్యవాదాలు. మీ అమ్మగారి ముందు ఆ కీర్తన అలా చదవడం నాకు చాలా బాధ కలిగించింది.

మీరు చెప్పింది అర్థమైంది. మీరు మట్టికి మొక్కడం లేదు, మట్టిలోకి పిలిచినవారికి మొక్కుతున్నారు. అయినా మా అభ్యంతరం అక్కడితో తీరదు, అది దాచడం మీకు మర్యాద కాదు. ద్వితీయోపదేశకాండం 4లో మోషే చెప్పిన కారణం ఇది: హోరేబు దగ్గర దేవుడు మాట్లాడిన రోజున మీరు ఏ రూపమూ చూడలేదు, మాట మాత్రమే విన్నారు, కాబట్టి రూపం చేసుకోకండి. తనను ఎలా పిలవాలో, ఎక్కడ వెతకాలో నిర్ణయించేది దేవుడే, మేము కాదు. ఆ అదృశ్య దేవుని స్వరూపం క్రీస్తు అని పౌలు కొలొస్సయులకు రాశాడు. మా విశ్వాసం నిలబడింది ఆ ఒక్క మాట మీద. ఇందులో మీకూ మాకూ తేడా ఉంది, ఉంటుంది.

కానీ ఎగతాళికి మాకు హక్కు లేదు. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి పౌలు ఆత్మ ఎంతగానో కలత చెందింది. అయినా అరేయొపగు (ఆ ఊరి సభ) మధ్య నిలబడి మాట్లాడినప్పుడు వాళ్ల భక్తిని గుర్తించే మొదలుపెట్టాడు, వాళ్ల కవుల మాటే ఎత్తి చూపాడు. ఎఫెసులో అర్తెమిదేవి పేరుతో పౌలు బృందం మీద అంత అల్లరి జరిగినప్పుడు పట్టణపు కరణం లేచి, వీళ్లు గుడిని దోచినవాళ్లూ కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అని సాక్ష్యం చెప్పాడు. విశ్వాసి కాని ఒక అధికారి అపొస్తలుల బృందానికి ఇచ్చిన సర్టిఫికెట్ అది. అదే ఊళ్లో నమ్మినవాళ్లు 50 వేల వెండి నాణేల విలువైన మంత్ర పుస్తకాలు తగలబెట్టారు. ఎవరివి? తమవి. పక్కింటివాళ్లవి కాదు.

1522లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో, లూథర్ సహచరుడు కార్ల్‌స్టాట్ బోధ విని కొందరు గుళ్లోని ప్రతిమలు బలవంతంగా తీసేస్తుంటే లూథర్ దాక్కున్న కోట నుంచి తిరిగొచ్చి మార్చి నెలలో వరసగా ఎనిమిది ప్రసంగాలు చేశాడు. ముందు వాక్యం హృదయంలో పని చేయాలి, చేతులతో పీకినంత మాత్రాన లోపలున్నది పోదు అన్నది ఆయన వాదన. 1529లో మొదటి ఆజ్ఞను వివరిస్తూ, నీ హృదయం దేని మీద ఆనుకుని ఉంటుందో అదే నీకు దేవుడు అన్నాడు. అక్కడే డబ్బునే మొదటి ఉదాహరణగా చెప్పాడు. పెట్టె నిండా ఉన్నవాడు స్వర్గంలో కూర్చున్నంత ధీమాగా ఉంటాడని, లేనివాడు దేవుడే లేడన్నంత దిగులు పడతాడని. సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటు బుక్ చేసి, ఉద్యోగాల కోత వార్త విన్న రాత్రి మన ఇళ్లలో ఎలా ఉంటుందో చూడండి. సిరికీ దేవునికీ ఇద్దరికీ దాసులుగా ఉండలేరని ప్రభువు అన్నది పూజగది ఉన్నవాళ్లతో కాదు.

గిద్యోను సంగతి తరచూ మర్చిపోతాం. న్యాయాధిపతులు 6లో తన తండ్రి ఇంటి బయలు దేవత బలిపీఠాన్ని పడగొట్టినవాడు. రెండు అధ్యాయాలు దాటగానే జనం చెవిపోగులు అడిగి తీసుకుని 1,700 తులాల బంగారంతో ఏఫోదు (యాజకుడి పైవస్త్రం) చేయించి సొంత ఊళ్లో పెట్టాడు. ఇశ్రాయేలంతా దాని వెంట పడింది. అది అతనికీ అతని ఇంటివాళ్లకూ ఉరి అయ్యింది అని వాక్యం.

మేరి (వైట్‌ఫీల్డ్)

అంకుల్ డబ్బు దగ్గర ఆగారు. నేను ఇంకొకటి చెప్పాలి, చాలా రోజులుగా మనసులో ఉంది. కొలొస్సయులు 3:5లో ధనాపేక్ష విగ్రహారాధన అన్న పౌలు అదే ఊపులో 3:11కి వచ్చి గ్రీసు దేశస్థుడు, యూదుడు, దాసుడు, స్వతంత్రుడు అన్న తేడా లేదంటాడు. మనం మొదటిది చదివి రెండోది దాటేస్తాం.

మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నాం. తెలుగు క్రైస్తవ పెళ్లి ప్రకటనలు తెరవండి. "తిరిగి జన్మించిన, ప్రార్థనాపరుడైన, వాక్యానుసారంగా నడిచే వరుడు కావలెను", పక్కనే కులం పేరు. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న బాప్తిస్మం గురించి కాదు, "మీదేంటండీ?" అని. ఇదే బెంగళూరులో ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకున్న కుటుంబం, అమ్మాయి విషయం వచ్చేసరికి "మావాళ్లు ఒప్పుకోరు సిస్టర్" అంది. ఎవరికి భయపడి దేవుని మాటను పక్కన పెడతామో వాళ్లే కదా మన దేవుడు? 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాల్లో కుల భేదాలు పూర్తిగా మానాలని ఆజ్ఞ పంపితే, తంజావూరులో వందలమంది సంఘాన్నే వదిలి వెళ్లారు. కులాన్ని వదలలేదు.

కుంకుమబొట్టు పడుతుందేమోనని లాప్‌టాప్‌ను ఇంట్లో పెట్టి వెళ్లేవాళ్లం మనం. ఈ బొట్టు మాత్రం పుట్టినప్పుడే పెట్టి, కడగనివ్వం.

సీయోను సైనికుడు

మేరి సిస్టర్, ఇది ప్రసంగాల్లో రావాలి. మా పెద్దల కూడికలో నేను చదివి వినిపిస్తాను, మీ పేరు చెప్పను.

సుహాసిని (మారతహళ్లి)

అందరికీ చాలా కృతజ్ఞతలు. మేనేజర్‌తో మాట్లాడాను. హారతి పళ్లెం పట్టుకోలేనని, పూజ అయ్యేవరకు నా సీట్లో ఉంటానని, తర్వాత సర్దడానికి, గుమ్మడికాయ ముక్కలు రోడ్డు మీద నుంచి తీయడానికి నేను వస్తానని చెప్పాను. బండ్లు జారిపడతాయి కదా. ఆమె "అయ్యో, ముందే చెప్పొచ్చు కదా" అన్నారు, అంతే. మా ఆయన కూడా చర్చ మొత్తం చదివారు. నయమాను దగ్గర ఇంకా వాదిస్తున్నారు.

ఎలీషా (ఎలక్ట్రానిక్ సిటీ)

మీ ఆయనకు నా వందనాలు చెప్పండి. ఒకటి మాత్రం ఆలోచించమనండి. నయమాను వంగాల్సి వస్తుందని ముందే బయటపెట్టి క్షమాపణ అడిగాడు, "ఏం ఫరవాలేదు" అనుకుని వెళ్లలేదు. నేను అతని పేరు ఎత్తింది ధైర్యం చాలని మనవాళ్లను తోసేయకూడదని. అందరి ఉద్యోగాలూ ఒక్కలా ఉండవు. యజమాని ఇంట్లో పనిచేసే అక్కలు వద్దని చెబితే మరునాడు పని ఉండకపోవచ్చు. వాళ్ల తరఫున కూడా ఆలోచించాలి.

సండేస్కూల్ అక్క (హెబ్బాళ)

ఆలస్యంగా వచ్చాను. నాదొక ప్రశ్న. వచ్చే ఆదివారం మా పిల్లలకు నిర్గమ 32, బంగారు దూడ పాఠం. పాత పాఠ్యపుస్తకంలో చివర మట్టి దూడను చేసి పిల్లలతో పగలగొట్టించే ఆట ఉంది. మా పిల్లలందరూ అపార్ట్‌మెంట్లలో హిందూ స్నేహితులతో ఆడుకునేవాళ్లు. పోయిన ఏడాది ఒక బాబు ఇంటికి వెళ్లి స్నేహితుడితో "మీ దేవుణ్ణి పగలగొట్టాలి" అన్నాడు. వాళ్లమ్మ నన్ను పిలిచి అడిగింది. ఏం చేయమంటారు?

గుంటూరు లూథరన్

అమ్మా, ఆ ఆట తీసేయండి. ఆ అధ్యాయం పక్కవాళ్ల దేవుడి గురించి కాదని పిల్లలకు ముందే చెప్పండి. 32:5లో అహరోను ఏమని చాటించాడు? రేపు యెహోవాకు పండుగ అన్నాడు. ఆ దూడ ముందు పెట్టిన పేరు మన దేవుడిదే. ఎర్ర సముద్రం దాటినవాళ్లు, మన్నా తిన్నవాళ్లు చేసిన పని అది.

ఎందుకు చేశారన్నది పిల్లలకు బాగా తెలియాలి. మొదటి వచనంలోనే ఉంది: మోషే కొండ దిగడం ఆలస్యమైంది. భయమేసింది. ముందు నడిచేది కంటికి కనబడేది ఏదైనా కావాలనిపించింది. బంగారం ఎక్కడిదో కూడా చెప్పండి. ఐగుప్తు విడిచి వచ్చేటప్పుడు దేవుడే ఇప్పించిన నగలు, భార్యల చెవులకు, కొడుకుల చెవులకు, కూతుళ్ల చెవులకు ఉన్న పోగులు.

చేతిపని కావాలంటే రంగు కాగితంతో చెవిపోగులు కత్తిరించనివ్వండి. భయమేసినప్పుడు, అమ్మ ఆలస్యంగా వచ్చినప్పుడు, పరీక్ష ముందు రాత్రి తాము మొదట దేన్ని పట్టుకుంటారో ఒక్కో పోగు మీద రాయమనండి. ఫోన్ అని రాసేవాళ్లుంటారు, తాయెత్తు లాగా సిలువ గొలుసు అని రాసేవాళ్లూ ఉంటారు. ఏది రాసినా తిట్టొద్దు. పాఠాన్ని దూడను పొడి చేసిన చోట ఆపకుండా 32వ వచనం దాకా చదవండి. మోషే, వీళ్ల పాపం క్షమించు, లేకపోతే నీ పుస్తకంలో నా పేరు తుడిచెయ్యి అని అడిగాడు. మీ క్లాసులో పిల్లలు ఎంతమందో చెబితే చెవిపోగు మూస గీసి ఈ రాత్రికే పంపిస్తాను.